తోటకి తెలుసు, రిజిస్టరుకే తెలీదు

నూజివీడు అనగానే లోకానికి మామిడిపండు గుర్తొచ్చిద్ది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయ. అంతటితో సరి. ఆ చెట్టు కింద మొలిచే గలిజేరు, కొమ్మకి పట్టిన బదనిక, పూత మీద వాలే ఈగ, గట్టు బొరియలో కాపరం ఉండే ముంగిస... వీటి లెక్క ఎవరికీ పట్టదు. చట్టం ప్రకారం మాత్రం ఆ లెక్క ప్రతి పంచాయతీలో ఉండాలి. కాయితాల మీద ఉంది కూడా. ‘ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు’ అని దానికో పెద్ద పేరు. మీ ఊరి రిజిస్టరు మీరు ఎప్పుడన్నా చూశారా? పోనీ, మీ ఊరికి అట్టాంటిది ఒకటుందని ఎవరన్నా చెప్పారా?

ఈ రిజిస్టర్ల కథ కాస్త చెప్పుకోవాలి. 2002లో పార్లమెంటు జీవవైవిధ్య చట్టం చేసింది. ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది. ఊళ్లో ఉన్న చెట్టూ చేమా, పురుగూ పిట్టా, విత్తనం, మందాకు, వాటి గురించి ఊరోళ్లకి తెలిసిన సంగతులు, అన్నీ ఊరోళ్లతో కూర్చుని రాయాలంది. కమిటీలో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్లు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని 2004 నియమాల్లో రాశారు. రాత బాగానే ఉంది. పని మాత్రం ఏళ్ల తరబడి నత్తనడకే. ఆఖరికి 2019 ఆగస్టులో జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా పట్టుకుంది. 2020 జనవరి 31 కల్లా కమిటీలూ రిజిస్టర్లూ నూటికి నూరు శాతం పూర్తి చెయ్యాలి, లేదంటే ఫిబ్రవరి నుంచి ఒక్కో రాష్ట్రం నెలకి 10 లక్షలు కట్టాలి అంది. ఇంకేముంది, దేశమంతా రిజిస్టర్లు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు వాటి లెక్క రెండున్నర లక్షలు దాటింది.

పదిహేనేళ్లలో కాని పని నెలల్లో ఎట్టా అయ్యింది? నేను అడిగేది అదే. తొలకరికి మొలిచేది ఎండాకాలం కనపడదు. చలికాలం వచ్చే పిట్ట వైశాఖంలో ఉండదు. మూడు కాలాలూ ఊరు తిరిగితే గానీ రాయలేని పుస్తకం అది. కుర్చీలో కూర్చుని, పక్క ఊరి కాయితం చూసి ఎక్కించుకుంటే అది రిజిస్టరు అవదు, జరిమానా తప్పించుకునే రసీదు అవుతుంది. చట్టం పెట్టిన పేరులో ‘ప్రజా’ అనే మాట ముందుంది. పని జరిగేటప్పుడు ఆ మాటే ఎగిరిపోయింది.

నడకే కొలత

ఇక్కడే పౌర విజ్ఞానం అనే మాట పనికొచ్చిద్ది. పేరు కొత్తగా ఉన్నా సంగతి పాతదే. చదువుకున్న శాస్త్రవేత్త ఒక్కడే కాదు, మామూలు మనిషి కూడా నడుస్తా, చూస్తా, చూసింది తేదీతో, చోటుతో రాసిపెట్టడం. ఐనాచురలిస్ట్ అనే వేదిక 2008లో అమెరికాలో కొందరు విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. ఫోటో పెడితే తెలిసినోళ్లు పేరు చెప్తారు, ఇంకొకరు ఔనంటే ఆ నమోదుకి పరిశోధనలో వాడుకునే స్థాయి వచ్చిద్ది. పిట్టలకైతే 2002 నుంచీ ఈబర్డ్ ఉంది.

ఇదంతా కాలక్షేపం అనుకునేవాళ్లకి ఒక లెక్క చెప్తా. 2023 ఆగస్టులో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక వచ్చింది. 942 రకాల పక్షుల స్థితిని అందులో అంచనా వేశారు. దానికి వాడిన 3 కోట్ల నమోదులు ఇచ్చింది దాదాపు 30 వేల మంది మామూలు పక్షి ప్రేమికులు. 178 రకాలని వెంటనే పట్టించుకోవాలని అందులో తేలింది. మనం దసరాకి చూసి దణ్ణం పెట్టుకునే పాలపిట్ట కూడా తగ్గిపోతందని ఆ నివేదికే చెప్పింది. ఏ ప్రభుత్వ శాఖ జీతగాళ్లతో ఈ పని చేయించినా ఇంత విస్తారంగా అయ్యేది కాదు.

కేరళ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా వాలంటీర్లు రాష్ట్రాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసుకుని, ఏడాదికి రెండుసార్లు అవే గళ్లు తిరిగి పక్షుల పటం తయారు చేశారు. ఏ తాలూకాలో ఏ పిట్ట ఉంది, ఏ కాలంలో ఉంది అనేది వాళ్ల చేతిలో ఉంది. రేపు ఆడ ఒక రోడ్డో గనో వస్తే ‘ఇక్కడ ఇది ఉండేది’ అని చూపించడానికి ఆధారం ఉంది. మన దగ్గర ఏముంది?

మన దగ్గర నడవడానికి తోటలున్నాయి, చూడ్డానికి కళ్లున్నాయి. ఆగిరిపల్లి నుంచి ముసునూరు దాకా, రెడ్డిగూడెం నుంచి విస్సన్నపేట దాకా నేను ఆదివారాలు తిరిగేది ఇందుకే. పాత మామిడితోట ఒక్కటి తిరిగితే చాలు, రెండు గంటల్లో పుస్తకం నిండుద్ది. వంగపండు పిట్ట పసుప్పచ్చగా కొమ్మల్లో దూరిపోయిద్ది. జెముడుకాకి కంచెలో గొంతు ఎత్తుద్ది. పగలు తొర్రలోంచి పైడికంటె గుడ్లు మిటకరిస్తది. కింద చూస్తే ఉత్తరేణి, తుమ్మి, నేల ఉసిరి, కుప్పింట, పల్లేరు. గట్టు మీద వయ్యారిభామ. ఈ మధ్య తుమ్మి ఉన్న చోటల్లా వయ్యారిభామే కనపడతంది అని నాతో నడిచిన కూలి ఆడవాళ్లు చెప్తారు. అది కబురు కాదు, సమాచారం. రాసుకునేవాడు లేక కబురుగా మిగిలింది.

పురుగుకి పేరు తెలిస్తే రైతుకి డబ్బు మిగిలిద్ది

ఇది పిట్టల్ని చూసి మురిసిపోయే యవ్వారం మాత్రమే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మన బతుకుతో ముడిపడ్డ సంగతి ఇది.

2018 మే నెలలో కర్ణాటక శివమొగ్గలో మొక్కజొన్న మీద కత్తెర పురుగు దొరికింది. అమెరికా ఖండం పురుగు, ఆఫ్రికా మీదుగా వచ్చింది. ఏడాది తిరిగేలోపు మన జొన్నచేలతో సహా దేశంలో చాలా భాగం తిరిగేసింది. కొబ్బరినీ పామాయిల్‌నీ పట్టుకున్న సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచ్చిలో కనపడి, అక్కణ్ణించి గోదావరి జిల్లాలకి ఎక్కింది. నల్ల తామర పురుగు 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదటిసారి నమోదైంది. ఆరేళ్లకి, 2021లో, గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిరప పూతని ఊడ్చిపెట్టింది. తర్వాత మన మామిడి పూత మీదకీ వచ్చింది.

ఈ మూడింట్లోనూ ఒకటే పాఠం. పురుగు రాత్రికి రాత్రి ఊడిపడలేదు. మొదటి చోటుకీ మన చేనుకీ మధ్య నెలలో, ఏళ్లో గడిచాయి. ఆ మధ్య కాలంలో ‘ఇదేదో కొత్తగా ఉందే’ అని ఎవరో ఒకరు చూసే ఉంటారు. చూసిన మనిషికి చెప్పుకునే చోటు లేదు. దాంతో రైతుకి ఆ కబురు మందుల కొట్టు నుంచే వచ్చిద్ది. కొట్టువాడు పేరు చెప్పడు, డబ్బా ఇస్తాడు. పేరు తెలీని పురుగుకి పది రకాల మందు కొడతాం. పురుగు చావదు, పక్కనున్న మంచి పురుగులు చస్తాయి.

మంచి పురుగుల లెక్క కూడా చూడండి. మామిడి పూత కాయ కట్టడానికి తేనెటీగ ఒక్కటే కారణం అనుకుంటాం. మామిడికి ఎక్కువ సాయం చేసేది ఈగలు, ముసురు ఈగలతో సహా. నిండు పూత మీద విషం కొడితే కాయ కట్టించే కూలీల్ని మనమే చంపుకున్నట్టు. ఆకుల్ని కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు కుడితే మంట పుడుద్ది, నిజమే. కాకపోతే అవి తోటలో పురుగుల్ని వేటాడే కాపలాదార్లు. తెల్లదోమని అదుపు చేసింది కూడా మందులకన్నా ఎక్కువగా, దాని ఒంట్లో గుడ్డు పెట్టే సూదిమొనంత కందిరీగ. అందుకే శాస్త్రవేత్తలు తెల్లదోమ మీద ఇష్టమొచ్చినట్టు మందు కొట్టొద్దన్నారు. ఆ కందిరీగని గుర్తుపట్టగలిగిన రైతు డబ్బా కొనే ముందు ఒక్క నిమిషం ఆగుతాడు.

బదనిక సంగతి తీసుకోండి. మామిడి కొమ్మకి వేరు దించి దాని రసం తాగి బతికే మొక్క. దాని పండు తిని, జిగట గింజని ఇంకో కొమ్మకి రుద్ది అంటించేది బొటనవేలంత పిట్ట. ఏ చెట్టుకి ఎప్పుడు పట్టింది, ఏ దిక్కుకి పాకతంది అని ఊరంతటికీ కలిపి రెండేళ్లు రాస్తే, ఏ తోటలో ముందు నరకాలో తెలిసిద్ది. ఎవరి తోటలో వాళ్లు నరుక్కుంటే పక్క తోటలోంచి పిట్ట మళ్లీ మోసుకొచ్చిద్ది.

పూత కాలం కూడా అంతే. మామిడి పూతకి పొడిగా ఉండే చలి రాత్రులు కావాలి. చలి జరిగితే పూత జరుగుద్ది. ‘మా చిన్నప్పుడు సంక్రాంతికి ఇట్టా ఉండేది’ అని ప్రతి తోటలోనూ వింటాం. తేదీతో రాసిన లెక్క ఏదీ? సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడిపిల్లలు వారానికోసారి ఒకే చెట్టు దగ్గరికెళ్లి ఆకు, పూత, కాయ ఎంతుందో రాస్తారు. ఆ చెట్ల జాబితాలో మామిడి ఉంది. మామిడి రాజధాని అని చెప్పుకునే మన ప్రాంతంలో, మామిడి పరిశోధనా కేంద్రం ఉన్న ఊళ్లో, ప్రతి బడికీ ఒక చెట్టు అప్పజెప్పడం ఎంత పని? పదేళ్ల లెక్క ఉంటే పంట బీమా దగ్గర మాట్లాడేటప్పుడు రైతు చేతిలో ఆధారం ఉండేది.

పాముల దగ్గర డబ్బు కాదు, ప్రాణం. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2024లో కేంద్రం 2030 కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామని ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక అమలయ్యేది ఢిల్లీలో కాదు, రాత్రిపూట మోటారు వెయ్యడానికి వెళ్లే మనిషి కాళ్ల దగ్గర. ఏ గట్టున రక్తపింజర తిరుగుద్ది, ఏ కాలంలో కట్లపాము ఇంట్లోకొచ్చిద్ది అని ఊరి పటం ఉంటే ఆ మనిషి బతుకుతాడు. ఎలకల్ని తినే జెర్రిపోతుని తాచు అనుకుని కొట్టి చంపడం తగ్గుద్ది. ఒక్క మాట గట్టిగా చెప్తా: పామును గుర్తుపట్టడం కరవకముందు చెయ్యాల్సిన పని. కరిచాక ఫోటో కోసం, పేరు కోసం నిమిషం కూడా పాడుచెయ్యొద్దు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఒకటే.

పేరు మనది, పుస్తకం వాళ్లది

మనోళ్లకి ఇవన్నీ ఏం తెలుసు అనేవాళ్లుంటారు. వాళ్లకి పాత సంగతులు గుర్తుచెయ్యాలి.

కట్లపాముల జాతికి శాస్త్రం పెట్టిన పేరు బంగారస్. ఆ మాట మన ‘బంగారం’లోంచే వచ్చింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరం పాముల మీద 1796లో పుస్తకం వేశాడు. దాన్నిండా తెలుగు పేర్లే. బంగారు పాము, కాటుక రేకుల పొడ... ఈ కాటుక రేకుల పొడే రక్తపింజర. ఇవాళ లోకం దాన్ని రస్సెల్స్ వైపర్ అంటంది. ఒంటి మీద మచ్చలు కాటుక రేకుల్లా ఉన్నాయని చూసి చెప్పిన తెలుగు మనిషి ఎవరో ఎవరికీ తెలీదు. సామర్లకోటలో ఉండి మొక్కల బొమ్మలు గీయించిన రాక్స్‌బర్గ్ కథా ఇంతే. మన సండ్ర, మన సోమిద లాటిన్ పేర్లలోకి ఎక్కాయి. బొమ్మలు గీసిన చేతులు, పేర్లు చెప్పిన నోళ్లు అనామకంగా పోయాయి.

1986లో కొంచెం మారింది. 1900 తర్వాత ఎవరి కంటా పడని కలివికోడి కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టింది శాస్త్రవేత్త కాదు, ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆయన పేరు రికార్డులో నిలిచింది. తమిళనాడులో ఇరుళర్లు 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల విషం తీసి విరుగుడు మందు కంపెనీలకి ఇస్తన్నారు. వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్‌కి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన తోటలకి కాపలా కాసే యానాది కుటుంబాలకి బొరియ చూసి లోపలున్నది ఎలకో పామో చెప్పగల తెలివి ఉంది. మనం వాళ్లకిచ్చింది తోటలో ఓ మూల పాక. రిజిస్టర్లో వాళ్ల పేరు ఎక్కిందా?

అన్ని కులాల ఇళ్లలోనూ ఈ తెలివి కొంత ఉండేది. వినాయకచవితికి 21 రకాల పత్రి ఏరుకురావడం అంటే పిల్లలకి మొక్కలు నేర్పే పరీక్షే. మాచిపత్రి, వాకుడు, ఉమ్మెత్త, వావిలి, విష్ణుక్రాంత... ఇప్పుడు బజార్లో కట్ట కొంటన్నాం. ఏ ఆకు ఏదో అమ్మేవాడికీ తెలీదు, కొనేవాడికీ తెలీదు.

ఫోను గురువు కాదు

ఆ ఖాళీలోకి ఫోను వచ్చింది. ఆకు ముందు పెడితే క్షణంలో పేరు చెప్పిద్ది. పిల్లలు నడకకి రావడానికి అదే ఎర. నేను దాన్ని తీసిపారెయ్యను. దాని హద్దులు మాత్రం తెలియాలి. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని తామర పురుగు ఏ రకమో ఫోటోలో తేలదు, నమూనా ప్రయోగశాలకి పోవాల్సిందే. ఫోను చెప్పిన పేరు నమ్మి ఆకు నోట్లో పెట్టుకోకూడదు. నక్షత్ర తాబేలు, అలుగు, రెండుతలల పాము లాంటివి కనపడితే చోటు బయటపెట్టకూడదు. వాటికి దొంగ బేరగాళ్లున్నారు.

ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. ఈ ఫోన్లకి పేర్లు నేర్పిందెవరు? ఉచితంగా ఫోటోలు పెట్టి, ఓపిగ్గా పేర్లు సరిచేసిన లక్షల మంది. 2025 జూన్‌లో ఐనాచురలిస్ట్ కృత్రిమ మేధ పని కోసం గూగుల్ నుంచి 15 లక్షల డాలర్లు తీసుకుంటున్నట్టు చెప్పగానే, చాలామంది సభ్యులు మా కష్టం దేనికి వాడతారని తిరగబడ్డారు. కొందరు ఖాతాలే తీసేశారు. వాళ్ల భయం మనకి కొత్త కాదు. రస్సెల్ కాలం నుంచీ మన ప్రశ్న అదే. చెప్పినోడు ఎవరు, రాసుకున్నోడు ఎవరు, లాభం ఎవరికి?

దానికి జవాబు ఊరి రిజిస్టరే. ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి ఒక కంపెనీ వేపాకు సేకరించి జపాన్‌కి పంపితే, ఆ రాయల్టీలో వాటా ఊరి జీవవైవిధ్య కమిటీకి వచ్చింది. చిన్న మొత్తమే. దారి మాత్రం పెద్దది. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు రాతలో ఉండబట్టి హక్కు వచ్చింది. 2023లో జీవవైవిధ్య చట్టం సవరించారు. గ్రంథాల్లో ఉన్న సంప్రదాయ జ్ఞానం వాడుకునేవాళ్లకి లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు. అంటే ఇక మనకి మిగిలిన రక్షణ గ్రంథాల్లో లేని, నోటి మాటగా ఉన్న తెలివికే. అది మీదేనని చూపించాలంటే మీ ఊరి రిజిస్టర్లో ఉండాలి. అందులో పక్క ఊరి జాబితా ఉంటే మీ హక్కు గాల్లో దీపమే.

టైమూ ఎక్కువ లేదు. పాత మామిడితోటలు కొట్టేసి పామాయిల్, మొక్కజొన్న వేస్తన్నారు. రైతుని తప్పుపట్టను, గిట్టుబాటు కాకపోతే ఎవరైనా అంతే. ఒక్కో పెద్ద చెట్టు పడినప్పుడు దాని తొర్రలో పైడికంటె, బెరడులో ఉడత, కింద నీడలో మొలిచే మందాకు కూడా పోతాయి. ముందు ఏముందో రాయకపోతే, ఏం పోయిందో చెప్పలేం.

చెయ్యాల్సినవి చాలా తేలిక. మొదటిది, వచ్చే గ్రామసభలో మన ఊరి జీవవైవిధ్య రిజిస్టరు చదివి వినిపించమని అడగండి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న పుస్తకం తెరిస్తే చాలు. రెండోది, నెలకి రెండు నడకలు. ఉద్యాన సహాయకుడు, సైన్సు టీచరు, బడిపిల్లలు, వాళ్లతో తోట కాపలా మనిషి, కలుపు తీసే ఆడవాళ్లు. ఈ చివరి ఇద్దరికీ ఆ పూట కూలి ఇవ్వాలి. టీచరుకి జీతం ఇచ్చి, గురువుకి ఊరికే చెప్పమనడం న్యాయం కాదు. మూడోది, ప్రతి పేరూ ఊళ్లో పిలిచే మాటలోనే రాయాలి. పక్కన చెప్పిన మనిషి పేరు, వాళ్లు ఒప్పుకుంటే, ఉండాలి. శాస్త్రీయ నామం తర్వాత చేర్చుకోవచ్చు. నాలుగోది, కొత్త పురుగు కనపడితే రైతు సేవా కేంద్రంలో రాసుకునే పుస్తకం ఒకటి ఉండాలి, ఆ నమూనా వారంలోగా పరిశోధనా కేంద్రానికి చేరాలి, జవాబు అదే పుస్తకంలోకి రావాలి.

మార్కెట్ యార్డులో ప్రతి కాయకీ తూకం వేస్తాం, గ్రేడు కడతాం, చీటీ రాస్తాం. ఆ కాయ కట్టించిన ఈగకి, దాన్ని కాపాడిన చీమకి, చెట్టు కింద పాముని చూసి మనల్ని ఆపిన కాపలాదారుకి ఇప్పటిదాకా ఒక్క చీటీ రాయలేదు. రాసే పుస్తకం పంచాయతీ బీరువాలోనే ఉంది. తాళం అడగాల్సింది మనమే.